అమెరికాను గట్టెక్కించింది యుద్ధం కాదు!

“1930ల ఆర్థిక మాంద్యం నుంచి అమెరికాను లేపింది రెండో ప్రపంచ యుద్ధమే, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేసిందేమీ లేదు.” పోయిన వీడియో కింద కామెంట్లు చూశారుగా, సగం మంది ఇదే పాట. కాదండీ! బాంబులు చేస్తే ఏ దేశమూ బాగుపడదు. సర్కారు ఖర్చు పెట్టింది, అందుకే లేచింది. ఆ ఖర్చు పెట్టడానికి రూజ్‌వెల్ట్ అన్నేళ్లు జంకారు! నా కోపమంతా అక్కడే.

1933 మార్చిలో ఆయన గద్దెనెక్కేసరికి నలుగురిలో ఒకరికి పని లేదు. బ్యాంకులు మూయించారు, రేడియోలో జనానికి ధైర్యం చెప్పారు, మళ్లీ తెరిపించారు. శభాష్! ఏప్రిల్‌లో బంగారం మీద పడ్డారు. నాణేలు, కడ్డీలు తెచ్చి ఇచ్చేయండి, దాచుకుంటే పదేళ్ల జైలు! నగలను వదిలేశారు కాబట్టి సరిపోయింది. మన దగ్గర అలాంటి ఆర్డర్ వస్తే ఊళ్లకు ఊళ్లే తిరగబడేవి. ఔన్సుకు 20.67 డాలర్లు చేతిలో పెట్టి, మరుసటి జనవరిలో రేటును 35 చేశారు. అంత తెగువున్న మనిషి అండీ!

మరి 1937లో ఏమైంది? నిరుద్యోగం 14 శాతం దగ్గరికి దిగింది. ఇక చాలు, బడ్జెట్ సరిచేద్దాం అని ఆర్థిక మంత్రి మోర్గెంథౌ పట్టుబట్టారు, ఈయన తలూపారు. ఉపాధి పనులకు కోత. అటు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ కూడా బ్యాంకుల మెడ బిగించింది. ఏడాది తిరిగేసరికి నిరుద్యోగం 19 శాతం! కష్టపడి పని సంపాదించుకున్నవాళ్లు మళ్లీ రోడ్డున పడ్డారు.

1938 ఏప్రిల్‌లో కళ్లు తెరిచి, ఖర్చుకు మూడు బిలియన్ డాలర్ల పైనే కావాలని కాంగ్రెస్‌ను అడిగారు. ఆ వేసవికే పతనం ఆగింది. అప్పటికి అమెరికాను యుద్ధంలోకి దింపిన పెర్ల్ హార్బర్ దాడి జరగలేదు, హిట్లర్ పోలాండ్‌లో అడుగు కూడా పెట్టలేదు! యుద్ధం, యుద్ధం అంటున్నవాళ్లు దీనికేం చెబుతారు?

యుద్ధమొచ్చాక అప్పు చేయడానికి సర్కారుకు జంకు పోయింది. కార్ల తయారీ ఆపించి విమానాలు చేయించారు. 1944కల్లా నిరుద్యోగం 1.2 శాతం. కోటి మందికి పైగా సైన్యంలో ఉన్నారంటారు, నిజమే. కానీ వాళ్ల జీతం ఇచ్చిందెవరు? సర్కారే! అదే డబ్బు 1934లో ఇళ్లకు, బడులకు, ఆసుపత్రులకు ఎందుకు పెట్టలేదు? కాదన్నవాళ్లు 1938 లెక్కలు పట్టుకుని కామెంట్లలోకి రండి, ఒక్కొక్కరికీ జవాబిస్తాను.