పెరెండినేట్: ఎల్లుండికి వేసే వాయిదా

హోస్ట్: ఇవాళ ఒక్క మాటే. పెరెండినేట్. ఇంగ్లీషులో వాడుక తప్పిన క్రియ. అర్థమేంటండీ?

అతిథి: పనిని ఎల్లుండికి వాయిదా వేయడం. సోమవారం పనిని బుధవారానికి జరిపితేనే ఈ మాట అతుకుతుంది. ప్రొక్రాస్టినేట్‌లో ఉన్నది ‘క్రాస్’, లాటిన్‌లో రేపు. ఇందులో ఉన్నది ‘పెరెండియె’, ఎల్లుండి.

హోస్ట్: రెండూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయే!

అతిథి: అవును. క్రాస్ నుంచి క్రాస్టినుస్, అంటే రేపటి. ముందు ప్రొ చేరితే ప్రొక్రాస్టినారె. అలాగే పెరెండియె నుంచి పెరెండినుస్, దాన్నుంచి పెరెండినారె. ఇంగ్లీషుకు వచ్చింది పెరెండినాటుస్ అనే విశేషణ రూపం నుంచి. చివర ‘ఏట్’ అందుకే. క్రియేట్, డిక్టేట్ కూడా అంతే.

హోస్ట్: మొదట్లో ‘పెర్’, పెరెనియల్‌లో ఉన్నదేనా?

అతిథి: చాలామంది పొరబడేది అక్కడే. పెరెనియల్‌లో పెర్ పక్కన ఏడాది అనే ‘అన్నుస్’ ఉంది. ఇక్కడ విరవాల్సింది పెరెన్, డియె అని. డియె అంటే రోజున, పెరెన్ అంటే ఆవలి. సంస్కృతంలో ఎల్లుండిని పరశ్వః అంటారు, హిందీ పర్‌సోఁ దాన్నుంచే. మన ఆవలెల్లుండిలోనూ ‘ఆవల’ ఉంది చూడండి! తెలుగు మాటకు వాటితో చుట్టరికం లేదు, ఆలోచన మాత్రం అదే.

హోస్ట్: రోమన్లకు ఎల్లుండితో అంత పనేంటి?

అతిథి: కోర్టు పని. అక్రమ వసూళ్ల కేసుల్లో మొదటి విచారణ ముగిశాక, ఒక రోజు విడిచి రెండోది జరపాలి. దాని పేరు కొంపెరెండినాటియో. రోమన్లు ఇవాళనూ లెక్కలో కలుపుతారు కాబట్టి అది వాళ్లకు ‘మూడో రోజు’. మన లెక్కతో చదివితే ఒక రోజు తేడా వస్తుంది. సిసిలీని ఏలిన వెర్రెస్ అనే రోమన్ అధికారి మీద క్రీ.పూ. 70లో, పేరున్న వక్త సిసెరో నడిపిన కేసు ఈ పద్ధతిదే. మొదటి విడతకే వెర్రెస్ మస్సిలియాకు, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని మార్సేకు, వెళ్లిపోయాడు. రెండో విడత ప్రసంగాలు కోర్టులో వినిపించనే లేదు, రాతలోనే మిగిలాయి.

హోస్ట్: ఇంకో అర్థం కూడా ఉందట కదా?

అతిథి: ఉందండీ. మధ్యయుగ లాటిన్‌లో ఈ క్రియ అర్థం ‘బస చేయడం’గా జారింది. ఇంగ్లండ్ కాలేజీల్లో బస ఉండేవాళ్లను పెరెండినంట్లు అనేవారు. పాత కాలేజీ పత్రాల్లో ఈ మాట తగిలితే వాయిదా అని చదవకండి.

హోస్ట్: పలకడం ఎలా?

అతిథి: పె-రెన్-డి-నేట్. ఊనిక ‘రెన్’ మీద.