హారర్ ఓపెనింగ్ తీశాం: దెయ్యం ఫెయిల్, హ్యాంగర్ పాస్

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ ఛానెల్లో వేరేవాళ్ల సినిమాలను చీల్చి చెండాడుతూ వచ్చాను. ఇవాళ ఆ వంతు నాది. కాలేజీలో ఫిల్మ్ కోర్సు చేసేటప్పుడు ప్రాజెక్టు కోసం ఒక హారర్ సినిమా ఓపెనింగ్ తీశాం. సినిమా మొత్తం కాదు, మొదటి రెండు నిమిషాలు మాత్రమే, అదీ టైటిల్స్‌తో కలిపి. తీసి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఏం తీశారు, ఎందుకలా తీశారు, చూసినవాళ్లు ఏమన్నారు అని మన పనికి మనమే మూల్యాంకనం రాసివ్వాలి. ఆ వీడియో, ఆ రిపోర్టు రెండూ మొన్న పాత హార్డ్‌డిస్కులో బయటపడ్డాయి. వీడియో చూస్తే నవ్వొచ్చింది. రిపోర్టు చదివితే మాత్రం సిగ్గేసింది.

ముందు సినిమా సంగతి. నిడివి 2 నిమిషాల 6 సెకన్లు. మేం నలుగురం. ఒకడు కెమెరా, ఒకడు దెయ్యం, ఒకమ్మాయి హీరోయిన్. డైరెక్షనూ ఎడిటింగూ నేను. కాబట్టి తిట్లన్నీ నాకే.

ప్లే చేస్తున్నా, చూడండి. నల్లటి తెర. ఉరుము. మా "నిర్మాణ సంస్థ" లోగో. ఇంకా లోగోనే. ఇంకా లోగోనే. 14 సెకన్లు! ఉన్న రెండు నిమిషాల్లో తొమ్మిదో వంతు లోగోకే పోయింది. ఆ వయసులో అందరికీ వచ్చే జబ్బే అనుకోండి, ముందుకెళ్దాం.

14వ సెకను నుంచి 33 దాకా కారిడార్. కెమెరా ఊగుతూ నడుస్తోంది, వెనక ఎవరిదో ఊపిరి. అంటే ఇది ఎవరో చూస్తున్న చూపు. ఇలాంటి షాట్ ఎక్కడ నేర్చుకున్నామో చెప్పక్కర్లేదు. 1978లో వచ్చిన హాలోవీన్ సినిమా మొదలయ్యేదే ఇలా. కెమెరా ఇంటి చుట్టూ తిరుగుతుంది, కిటికీలోంచి తొంగి చూస్తుంది, లోపలికెళ్లి కత్తి తీస్తుంది, మాస్కు తొడుక్కుంటుంది, హత్య జరిగిపోతుంది. చివర్లో ఆ మాస్కు లాగేస్తే, ఆరేళ్ల పిల్లాడు! ఇంతసేపూ మనం ఎవరి కళ్లతో చూశామో అప్పుడు తెలిసి ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ షాట్ బలమంతా ఆ ఒక్క జవాబులో ఉంది. మా కారిడార్‌లో నడిచింది ఎవరు? మా దెయ్యం వచ్చేది గదిలోంచే కదా, మరి కారిడార్‌లో ఊపిరి పీల్చిందెవరు? నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. కెమెరామన్ అనుకుంటా.

33వ సెకనులో గది. అమ్మాయి అల్మారా ముందు నిలబడి బట్టలు సర్దుకుంటోంది. ఇక్కడ పాజ్ చేస్తున్నా. తెర మీద ఈ చీమల గుంపు కనిపిస్తోందా? భయం పుట్టాలంటే చీకటి కావాలి, చీకటి కావాలంటే లైట్లు ఆపేయాలి అనుకున్నాం. ఆపేశాం. కెమెరాకి ఏమీ కనిపించలేదు. దాంతో ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వాన్ని, 6400కి లాగాం. అది మరీ పెంచితే బొమ్మంతా ఇలా చుక్కలు లేస్తాయి. వచ్చింది చీకటి కాదు, బురద. సినిమాలో చీకటి అనేది కూడా లైటుతో చేసే పనే. ఒక టేబుల్ ల్యాంప్ పక్క నుంచి పెట్టి, సగం ముఖం వెలుగులో, సగం నీడలో ఉంచి, ఆ వెలుగుని బట్టి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలో ఆ లెక్క) పెట్టుకుంటే మిగతాది దానంతటదే నల్లబడుతుంది. లేదంటే పగలే తీసి, ఎక్స్‌పోజర్ తగ్గించి, కాస్త నీలం కలిపి రాత్రి అనిపించవచ్చు. పెద్ద సినిమాలే ఎన్నో ఏళ్లు ఆ పని చేశాయి.

52వ సెకనులో అమ్మాయి ట్యూబ్‌లైటు వేసింది. ఇప్పుడు తెర మీద పైనుంచి కిందికి నల్లటి చారలు జారుతున్నాయి చూశారా? దీన్ని మర్చిపోకండి, రిపోర్టులో మళ్లీ కలుద్దాం. అసలు సంగతేంటంటే, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. మనం షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుగు తీసుకునే సమయం, సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే దానితో కలిసిపోతుంది. మా కెమెరామన్ 1/60 మీద వదిలేశాడు. అంతే, చారలు.

ఇక 1 నిమిషం 10వ సెకను. అమ్మాయి ఒక హ్యాంగర్ మీది డ్రెస్సు సర్రున లాక్కుని బయటికెళ్లిపోయింది. గది ఖాళీ. ఇప్పుడు మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. నేను మాట్లాడను.

చూశారా? 1:12 నుంచి 1:23 దాకా, 11 సెకన్లు. ఫ్రేములో మనిషి లేడు. కుడివైపు తెరిచిన అల్మారా, రాడ్‌కి ఊగుతున్న ఖాళీ ఇనుప హ్యాంగర్. ఎడమవైపు మా పేర్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. హ్యాంగర్ ఊపు తగ్గుతోంది, తగ్గుతోంది, దాదాపు ఆగింది. ఆగిన తర్వాత, రాడ్‌కి తగిలి "టిక్" అని మళ్లీ ఊగింది.

నిజం చెప్తున్నా, మొన్న రాత్రి ఒక్కడినే ఇది చూస్తూ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. తీసినవాణ్ణి నేనే. అయినా సరే.

దీంట్లో ఒక్కటి కూడా మేం అనుకుని చేసింది కాదు. నేను కట్ చెప్పడం మర్చిపోయాను. క్లిప్పులో పేర్లు వచ్చేచోటు దాటాక నా గొంతు ఉంటుంది, "ఒరేయ్, ఇంకా రోలింగ్‌లోనే ఉందా?" అని. హ్యాంగర్ మళ్లీ ఎందుకు ఊగిందంటే, దెయ్యం వేషంలో ఉన్న మా వాడు తన షాట్ కోసం అల్మారా వెనక నక్కి నిలబడ్డాడు, మోచెయ్యి తగిలింది. సినిమాలో దెయ్యం నిజంగా పని చేసింది ఆ ఒక్క క్షణమే. అప్పుడు వాడు ఫ్రేములో కూడా లేడు! పేర్లు అక్కడే ఎందుకు వేశామంటే, ఆ షాట్‌లో ఏమీ లేదు కాబట్టి. చూసేవాడి కన్ను అక్షరం కనబడితే చదవకుండా ఉండలేదు. ఎడమవైపు పేరు చదువుతుంటాడు, కుడివైపు కంటి కొసన ఏదో కదులుతుంది. అటు తిరిగేసరికి మామూలు హ్యాంగరే. మళ్లీ పేరు, మళ్లీ కదలిక. వెనక నుంచి ఎవరో వస్తున్నారేమో అని మనం తల తిప్పి చూసినట్టే ఉంటుంది.

ఇంకోటి, సంగీతం. సినిమా మొదటి భాగమంతా ఒకే ట్రాకుని సాగదీసి కప్పేశాను. అది 1:12కి అయిపోయింది, రెండో ట్రాకు 1:23కి మొదలవుతుంది. మధ్యలో ఖాళీ వచ్చిందని నేను గమనించనే లేదు. కెమెరా మైకు మాత్రం దాని పని అది చేసింది. ఆటో మీద ఉంటే, చుట్టూ నిశ్శబ్దమైనప్పుడు అది చెవి ఇంకా రిక్కిస్తుంది, లెవెల్ దానంతటదే పెంచుకుంటుంది. గది తాలూకు సన్నటి హోరు మెల్లగా పైకొచ్చింది. ఆ హోరులో ఇనుము ఇనుముకి తగిలిన చిన్న టిక్కు సుత్తిదెబ్బలా వినిపించింది.

ఇప్పుడు దెయ్యం సంగతి చూడండి. 1:23 నుంచి వయొలిన్లు కీచుమంటూనే ఉన్నాయి. 1:50కి అమ్మాయి వెనక్కి తిరిగితే విగ్గుతో మావాడు, పెద్ద అరుపు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సౌండు గీతలు చూపిస్తాను, ఇదిగో. 27 సెకన్లు ఒకటే ఎత్తు, గోడ కట్టినట్టు. అరుపు పడే చోట ఇంకా పెరగడానికి చోటే లేదు. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవంటారు కదా, మా సినిమాలో అన్నీ తాటాకులే. పైగా ఆటో ఫోకస్. కెమెరా విగ్గు మీదికి వచ్చింది, వెనక గోడ మీదికి పోయింది, మళ్లీ విగ్గు మీదికి వచ్చింది. దెయ్యాన్ని చూసి కెమెరానే తికమకపడింది.

చప్పుడుతో ఉలిక్కిపడేలా చేయడం తప్పని అనట్లేదు. 1942లో వచ్చిన క్యాట్ పీపుల్‌లో ఒకమ్మాయి రాత్రిపూట ఒంటరిగా నడిచి వెళ్తుంటుంది. వెనక ఇంకెవరివో అడుగులు. కాసేపటికి ఆ అడుగులు ఆగిపోతాయి. మీద ఏం దూకుతుందో అని మనం బిగుసుకుపోతాం. అప్పుడు ఫ్రేము పక్క నుంచి బుస్సుమంటూ వచ్చి ఆగేది, బస్సు! ఆ సినిమా నిర్మాత వాల్ ల్యూటన్ పేరు మీదే ఇప్పటికీ ఇలాంటి ట్రిక్కుని ల్యూటన్ బస్ అంటారు. అక్కడ భయం పుట్టించింది బస్సు ఒక్కటే కాదు, అంతకుముందు ఆగిపోయిన అడుగులు కూడా.

టైటిల్ గురించి ఒక ముక్క. మా టైటిల్ రక్తం కారే ఎర్రక్షరాలు, దాని మీద ఇంకా చెప్పను. కానీ టైటిల్ కార్డంటే లెక్కలేనితనం మాకొక్కళ్లకే కాదు. 1968 నాటి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌కి ముందు వేరే పేరుండేది. పేరు మార్చి కొత్త టైటిల్ కార్డు వేసినప్పుడు పాతదాని మీదున్న కాపీరైట్ నోటీసు పడిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం నోటీసు లేకపోతే హక్కు లేనట్టే. సినిమా జనం ఆస్తి అయిపోయింది, ఎవరైనా వేసుకోవచ్చు. ఒక్క కార్డు ఎంత పని చేసిందో చూడండి.

సరే, ఇక సిగ్గేసిన భాగం. రిపోర్టు. ట్యూబ్‌లైటు చారలు గుర్తున్నాయా? నా మాటల్లోనే చదువుతాను: "వెలుగులోని అస్థిరత ద్వారా కథానాయిక మానసిక సంఘర్షణను సూచించాము." ఏ సంఘర్షణ బాబూ! ఆ అమ్మాయి బట్టలు మడతపెడుతోంది. షట్టర్ తప్పుని సంఘర్షణ చేసేశాను. ఐఎస్‌ఓ బురదకి పెట్టిన పేరు "పాత ఫిల్మ్ అనుభూతి". ఆరు పేజీలూ ఇదే, కింద పడ్డా పైచేయి మాదే.

ప్రేక్షకుల స్పందన అని ఒక పేజీ ఉంది. క్లాసులో 14 మందికి చూపించి, చీటీ ఇచ్చి అడిగిన ప్రశ్న: భయపడ్డారా, అవునా కాదా? 11 మంది అవును. వాళ్లంతా మా స్నేహితులు, మేం ఎదురుగా నిలబడ్డాం, ఇంకేం రాస్తారు? "ప్రేక్షకులను విశేషంగా ఆకట్టుకుంది" అని రాసేశాను.

మేకింగ్ వీడియోలో వాడదామని ఆ రోజు క్లాసు ముందు ఒక కెమెరా పెట్టాం, వాళ్ల ముఖాలు కనబడేలా. ఆ ఫుటేజీ ఎవ్వరం చూడలేదు. మొన్న దాన్ని సినిమా పక్కనే టైమ్‌లైన్‌లో పెట్టి కలిపి చూశాను. ముఖాలు చూపించడం బాగోదు కాబట్టి బ్లర్ చేశాను, తలలు చూడండి చాలు. కారిడార్ దగ్గర రెండో వరుసలో ఇద్దరు కబుర్లు. ఆ చివర ఒకడు ఫోనులో ఉన్నాడు. 1:16, కబుర్లు ఆగాయి. 1:20, టిక్. ఫోనులో ఉన్నవాడు తలెత్తాడు. వాడు తెర చూడట్లేదు, చప్పుడు విన్నాడంతే. 1:52, దెయ్యం. క్లాసంతా ఒకటే నవ్వు, దెయ్యం వేసినవాడు లేచి దండం పెడుతున్నాడు.

ఇదీ మూల్యాంకనం. చేతిలో ఉంచుకుని, ఊహించి ఆరు పేజీలు రాశాం.

ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు చేస్తుంటే నేనిప్పుడు చేసేది చెప్తాను. భయపడ్డారా అని అడగను. మధ్యలో ఆపి, ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నారు అని అడుగుతాను. మర్నాడు, ఏ షాట్ గుర్తుందని అడుగుతాను. ఒకసారి సౌండు తీసేసి చూపిస్తాను, ఇంకొకసారి బొమ్మ ఆపేసి సౌండు మాత్రం వినిపిస్తాను. మా సినిమాకి ఆ రెండో పరీక్ష పెట్టి ఉంటే ఆ 11 సెకన్లు అప్పుడే దొరికేవి.

అసలు దొరికాయి కూడా. చీటీల కట్ట స్కాన్ చేసి పెట్టుకున్నాం. అందులో ఒకమ్మాయి "కాదు" అని టిక్కు పెట్టి, కింద చిన్నక్షరాలతో ఇలా రాసింది: "అల్మారాలో ఉన్నది ఎవరో చివరిదాకా చెప్పలేదు." అది చదివి నలుగురం పడి పడి నవ్వాం. అల్మారాలో ఎవరున్నారు, ఎవరూ లేరు కదా, ఈవిడకి కథే అర్థం కాలేదు అని. ఆ చీటీని లెక్కలోంచి తీసేయాలా అని కూడా చర్చించాం! మా నలుగురికంటే మంచి సినిమా ఆ అమ్మాయి చూసింది.

సరే, మార్కులు. ఓపెనింగ్‌కి పదికి మూడు, అందులో రెండు హ్యాంగర్‌వే. రిపోర్టుకి ఒకటి, అదీ అక్షరదోషాలు లేనందుకు.

నిన్న కూర్చుని మళ్లీ ఎడిట్ చేశాను. లోగో తీసేశా, కారిడార్ తీసేశా. సంగీతం పూర్తిగా తీసేశా. మావాడు ఏమీ అనుకోకపోతే, దెయ్యాన్నీ తీసేశా. బట్టలు సర్దుకోవడం, బయటికెళ్లడం, హ్యాంగర్, ఆ టిక్కు మీద నలుపు, మామూలు తెల్లక్షరాల టైటిల్. మొత్తం 57 సెకన్లు. ట్యూబ్‌లైటు చారలు మాత్రం పోలేదు, దాన్ని మానసిక సంఘర్షణ అనుకుని సర్దుకోండి.

ఇప్పుడు ప్లే చేస్తున్నా. హెడ్‌ఫోన్స్ తీయకండి. పేర్లు వచ్చినప్పుడు శ్రద్ధగా చదవండి, నాది రెండోది.