రెండో రోజు సాయంత్రం

శ్రోతలకు నమస్కారం.

గోల్ఫ్ అనగానే మన ఓరుగల్లు వైపు చాలామందికి అది శ్రీమంతుల వినోదమన్న తలంపే కలుగుతుంది. ఆ ఆటనే బతుకుదెరువుగా చేసుకొని ఊరూరూ తిరిగే క్రీడాకారుల సంగతి ఈ పూట చెప్పదలచుకున్నాను.

వృత్తి క్రీడాకారుల కోసం ఏడాది పొడవునా వేర్వేరు ఊళ్లలో జరిగే పోటీల వరుసను టూర్ అంటారు. మన దేశంలో 2006లో ఏర్పడిన ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియాకు దిగువ మెట్టుగా 2024లో నెక్స్‌జెన్ టూర్ మొదలైంది. అమెరికాలో అటువంటి మెట్టు 1990 నుంచే ఉన్నది. దానిని ఇప్పుడు కార్న్ ఫెర్రీ టూర్ అంటున్నారు.

పెద్ద పోటీ సాధారణంగా నాలుగు రోజులు సాగుతుంది, రోజుకు 18 గుంతలు. తక్కువ దెబ్బల్లో ముగించినవాడే ముందుంటాడు. రెండో రోజు ఆట ముగియగానే కట్ నిర్ణయిస్తారు, అంటే మిగిలిన రోజులు ఎవరు ఆడాలో, ఎవరు ఇంటిదారి పట్టాలో తేల్చే గీత గీస్తారు. ఒక్క దెబ్బ తేడాతో దానిని తప్పినవాడికి సాధారణంగా ప్రైజ్ మనీలో పైసా రాదు; రైలు ఛార్జీ, గది అద్దె, ఆట సంచి మోసే క్యాడీ కూలి మాత్రం అప్పటికే చేతి నుంచి పోయి ఉంటాయి. పెట్టుబడి ముందు, ఫలితం చివర అన్న ఈ లెక్కను ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఒకసారి గోల్కొండ కోటను ఆనుకొని ఉన్న మైదానంలో ఆ సాయంత్రాన్ని దగ్గరగా చూశాను. చివరి గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి నేల, అంటే గ్రీన్ మీద ఒక యువకుడు నాలుగడుగుల దూరాన మోకాలిపై కూర్చొని గడ్డి వాలును చాలాసేపు పరిశీలించి కొట్టిన బంతి, గుంత అంచును చుట్టి బయటే నిలిచింది. అతడు టోపీ తీసి తోటివారితో చేయి కలిపాడు. తరువాత స్కోరు కార్డులోని ఒక్కొక్క అంకెనూ వేలితో తాకుతూ సరిచూసి సంతకం పెట్టాడు. కొట్టిన దెబ్బల కంటే తక్కువ అంకె వేసి సంతకం చేస్తే పోటీ నుంచే తొలగిస్తారు. అయినా తన ఓటమిని రాసి ఉన్న కాగితాన్ని అతడంత శ్రద్ధగా చదవడం చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఇటువంటివారిలో క్యాడీలుగా ఇతరుల సంచులు మోసి ఆట నేర్చినవారు ఎందరో ఉన్నారు. ఢిల్లీలో అలా మొదలైన అలీ షేర్ 1991లోనూ, బెంగళూరుకు చెందిన సి. మునియప్ప 2009లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచారు. అంత దూరం చేరేదాకా తట్టుకొని నిలవడమే కష్టం. అమెరికాలో అన్నిటికంటే పై మెట్టైన పీజీఏ టూర్ 2023 నుంచి, పూర్తి అర్హత లేని సభ్యులకు కట్ తప్పిన ప్రతి పోటీకీ 5,000 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అటువంటి ఆసరా అసలు కావలసింది దిగువ మెట్ల మీద ఉన్నవారికేనని నా గట్టి నమ్మకం. కనీసం రాను పోను ఛార్జీ ఇచ్చినా, ఆ యువకుడు తరువాతి పోటీకి అప్పు చేయకుండా బయలుదేరగలుగుతాడు.