ఊరికి ఒకే మాట చేరాలి

(మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాలో ఆశా కార్యకర్తలు, టీచర్లు, యువకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. చేను పని ఆపుకొని వచ్చిన అన్నలకు, జీవతి, కోర్‌పనా వైపు నుంచి బస్సులు మారి వచ్చిన ఆశా అక్కలకు, బల్లార్‌పూర్ నుంచి వచ్చిన తమ్ముళ్లకు నా దండాలు.

ముందు ఒక ఇంటి సంగతి చెప్తాను. రెండేళ్ల కింద ఒక ఊరికి పోయినప్పుడు ఒక పెద్దమ్మ తన మనవణ్ణి నా ముందు నిలబెట్టి నోరు తెరవమన్నది. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మరకలు. వాళ్లు నీళ్లు తెచ్చుకునే బోరింగ్‌కు, ఫ్లోరైడ్ ఎక్కువుంది తాగొద్దు అనే గుర్తుగా, ఎర్ర రంగు పూసి ఉంది. ఆ నీళ్లు తాగొద్దు కదా పెద్దమ్మా అన్నాను. "కాచే తాగుతున్నం సార్. వానకాలంల నర్సమ్మ గట్లనే చెప్పింది. ఇంకేం చెయ్యాలె?" అన్నది.

ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె తప్పేమీ చేయలేదు. మనం చెప్పిందే చేసింది. వాంతులు, విరేచనాల కాలంలో నీళ్లు కాచి చల్లార్చి తాగాలి, అది నిజం. కాచితే క్రిములు చస్తాయి. కానీ ఫ్లోరైడ్ క్రిమి కాదు, ఎంత కాచినా పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది, అంటే ఆ కాస్త నీళ్లు ఇంకాస్త చిక్కబడతాయి. నర్సమ్మ చెప్పిన మాట సరైనదే, బోరింగ్‌కు ఎర్ర రంగు పూసిన వాళ్ల పనీ సరైనదే. ఈ ఇద్దరూ ఒక్కసారి కూడా కలిసి మాట్లాడుకోలేదు. ఆ ఖాళీలో ఒక పిల్లవాడి పళ్లు పాడయ్యాయి.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. సమన్వయం అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇంతే: ఇంటి గడప తొక్కే ప్రతి మనిషీ, ముందు తొక్కిన మనిషి ఏం చెప్పిపోయాడో తెలుసుకొని రావాలి.

మన చంద్రపూర్, పక్కన యవత్మాల్ జిల్లాల్లో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు పర్వాలేదని మన దేశపు ప్రమాణం. పళ్లు తయారయ్యే చిన్న వయసులో ఎక్కువైతే మరక పడుతుంది, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు పట్టేస్తాయి. వంగిన ఎముకను మందులు నిటారు చేయలేవు. అందుకే ముందే ఆపాలి. తెలుగువాళ్లకు ఈ బాధ కొత్త కాదు, నల్గొండ పేరు చెబితే చాలు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని తయారు చేసింది మన పక్కనే ఉన్న నాగపూర్‌లోని నీరీ, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ. దానికి పెట్టిన పేరేమో నల్గొండ పద్ధతి. అక్కడి బాధకు ఇక్కడ మందు కనిపెట్టారు. తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దు మ్యాప్‌లోనే ఉంది కానీ నీళ్లకు లేదు.

ఇప్పుడు చేను సంగతి. 2017లో యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది దవాఖానాల పాలయ్యారు. ఆ ఏడాది పత్తి మనిషెత్తు పెరిగింది. పంపు పైకెత్తి కొడితే మందు తిరిగి మొహం మీద, ఛాతీ మీద పడింది. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. చాలామంది కాళ్లకు చెప్పులు కూడా లేని కూలీలు. నోటికి కట్టుకున్న తువ్వాలు రక్షణ అనుకుంటాం. అది తడిస్తే విషాన్ని ముక్కుకు ఆనించి పట్టుకున్నట్టే.

అప్పుడు కూడా మాటలు నాలుగు రకాలుగా చేరాయి. పురుగుమందులు అమ్మే కృషి సేవా కేంద్రంలో ఒకరు ఈ రెండు కలిపి కొట్టు అన్నారు. వ్యవసాయ శాఖ వాళ్లు కలపొద్దన్నారు, అదీ మీటింగ్‌కు వచ్చిన భూమి యజమానులకు. పంపు మోసే కూలీ మీటింగ్‌కు రాడు, వస్తే ఆ రోజు కూలి పోతుంది. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నింటికంటే ప్రమాదం, ఆకుపచ్చ అన్నింటికంటే తక్కువ. చదువు రాని మనిషికి కూడా పనికొచ్చే గుర్తు అది. దాన్ని ఎంతమంది కూలీలకు చూపించాం? నేను చూపించలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇంకొక మనిషిని మనం పూర్తిగా మరిచిపోయాం. మందు కొట్టి వచ్చిన మగవాడి బట్టలు ఉతికేది ఎవరు? మందు కలపడానికి బిందెలతో నీళ్లు మోసేది ఎవరు? పసిపిల్ల గౌన్లు నానబెట్టిన బకెట్‌లోనే ఆ చొక్కా కూడా వేసే తల్లిని నేను కళ్లారా చూశాను. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే మందు గురించి మాట్లాడే సభలన్నీ మగవాళ్లతోనే జరిగాయి. ఆ బట్టలు విడిగా, సబ్బుతో, చేతులకు గ్లవ్స్ వేసుకొని ఉతకాలి. ఖాళీ డబ్బాలో నూనె పోసుకోవద్దు, పంపును వాగులో కడగొద్దు. ఈ మాటలు సర్పంచ్ ఇంటి అరుగు మీద కాదు, అంగన్‌వాడీలో చెప్పాలి. అక్కలారా, ఇది మీ చేతిలో ఉంది.

చెమటలు, వాంతులు, చూపు మసకబారడం, నోట చొంగ, కంటిపాప చిన్నగా అయిపోవడం కనిపిస్తే ఎండదెబ్బ అనుకొని చెట్టు కింద పడుకోబెట్టొద్దు. బట్టలు తీసేసి ఒంటిని సబ్బుతో కడిగి 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. మందు డబ్బా తప్పకుండా వెంట తీసుకుపోండి, ఏ విషమో డాక్టర్‌కు అదే చెబుతుంది.

గాలి మాట ఒక్కటి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా ఇస్తే చంద్రపూర్‌కు దేశంలో నాలుగో స్థానం వచ్చింది. బొగ్గు, కరెంటు, సిమెంటు మన కడుపు నింపుతున్నాయి, ఆయాసం కూడా తెస్తున్నాయి. దాని మీద విడిగా ఒక రోజు కూర్చుందాం, అరగంటలో తేలేది కాదు.

భాష సంగతి మాత్రం వదలలేను. కరపత్రం మరాఠీలో వస్తుంది. ఇంట్లో తెలుగు, తండాలో లంబాడీ, గూడెంలో గోండి. "శిఫారసు చేసిన మోతాదు" అని తెలుగులో రాసినా అర్థం కాదు, "పంపుకు ఎన్ని మూతలు" అంటే అర్థమవుతుంది. తెలంగాణ, మహారాష్ట్ర రెండూ తమవే అనే 14 ఊళ్లు జీవతి వైపు ఉన్నాయి. అక్కడ రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు బళ్లు. ఆసిఫాబాద్ వైపు చెప్పేదీ, రాజురా వైపు చెప్పేదీ వేరైతే ఆ ఇల్లాలు ఎవరి మాట నమ్మాలి? అటువైపు నర్సమ్మల ఫోన్ నంబర్లు ఇటువైపు ఆశా అక్కల దగ్గర ఉండాలి.

పొలాల అమావాస్యకు ఎడ్లను అలంకరించుకొని ఊరంతా ఒకచోట చేరుతుంది. అప్పటికి పత్తి మీద మందు పని జోరు మీద ఉంటుంది. అంటే మనం దానికి రెండు వారాల ముందే ఇల్లిల్లూ తిరగాలి, పండుగ నాడు అదే మాట మళ్లీ చెప్పాలి, గణపతి మండపంలో మూడోసారి చెప్పాలి.

బయట బల్ల మీద ఒక రిజిస్టర్ పెట్టాం. పోయేటప్పుడు మీ ఊరి పేరు, నీళ్లు తెచ్చుకునే బోరింగ్‌లు ఎన్ని, ఎర్ర రంగు ఎన్నింటికి ఉంది, మందు కొట్టే కూలీలు ఏ వాడలో ఉంటారు, ఇవి రాసి పొండి. తెలియకపోతే ఖాళీ వదిలేయండి. వచ్చే ఆదివారం లోపు మనం కలిసి ఆ ఊరికి పోయి నింపుదాం.