ఎర్రర్ లైన్లు కూడా దాచుకోండి
(ఒక ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, హెచ్ఓడీ గారికి, లెక్చరర్లకి, పొద్దున్నుంచి ల్యాబులో మిషన్లన్నీ సిద్ధం చేసిన ల్యాబ్ అసిస్టెంట్లకి, మీ అందరికీ నమస్కారం. దండలూ శాలువాలూ వద్దని ముందే ఫోన్లో చెప్పాను, మాట మన్నించారు, సంతోషం. ఆ పది నిమిషాలు మనకి మిగిలాయి.

ఆహ్వానంలో "లినక్స్ కమాండ్ లైన్ పరిచయం" అని వేశారు. పరిచయం మీ సిలబస్‌లోనే ఉంది, ఎల్ఎస్, సీడీ, క్యాట్ లాంటివి మీకు వచ్చు. నేను ఒక్క విషయం మీదే మాట్లాడతాను. స్క్రిప్ట్, అంటే కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలు, నడిపినప్పుడు అది ఏం చెప్పిందో పోకుండా ఎక్కడ దాచాలి, దాచిందాన్ని ఎలా చూడాలి. వినడానికి చాలా చిన్న విషయం. కానీ ఉద్యోగాల్లో చేరాక దీని మీదే మనుషుల మీద నింద పడుతుంది, దీని మీదే పోతుంది కూడా. అది నా కళ్ళారా చూశాను కాబట్టే ఇంత దూరం వచ్చాను.

ముందు ఒక మాట అడుగుతాను. ప్రోగ్రామ్ ఆగిపోతే సీనియర్‌కి ఏం పంపుతారు? మొబైల్‌తో స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, అవునా? అందులో చివరి పది లైన్లు ఉంటాయి, ట్యూబ్‌లైట్ మెరుపు ఉంటుంది, అసలు తప్పు మొదలైన లైను ఎప్పుడో పైకి వెళ్ళిపోయి ఉంటుంది. పైకి జరిపి చూడరా అంటే "సార్, విండో మూసేశాను" అంటారు. నాకు ఇలాంటి ఫొటోలు రోజూ వస్తాయి. ఫొటోలో వెతకలేం, లెక్కపెట్టలేం, నిన్నటిదానితో పోల్చి చూడలేం. అదే టెక్స్ట్ ఫైలైతే ఈ మూడూ క్షణంలో అవుతాయి.

మొదటి మెట్టు మీకు తెలిసిందే. కమాండు చివర కుడివైపు బాణం గుర్తు, అంటే > పెట్టి ఫైలు పేరు రాస్తే స్క్రీన్ మీదికి రావాల్సింది ఫైల్లోకి వెళ్తుంది. రెండు బాణాలు >> పెడితే పాతదాని చివర చేరుతుంది. ఒక్క బాణం పాతదాన్ని తుడిచేస్తుంది, అదీ ఎప్పుడంటే మీ ప్రోగ్రామ్ మొదలుకాక ముందే. షెల్, అంటే మీరు కొట్టిన కమాండు చదివి నడిపించే ప్రోగ్రామ్, ముందు ఆ ఫైలుని ఖాళీ చేసి, తరవాత ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. అందుకే ఒక ఫైలుని సార్ట్ చేసి అదే ఫైల్లోకి బాణం పెడితే ఖాళీ ఫైలు మిగులుతుంది. సెట్ హైఫన్ ఓ నోక్లాబర్ అని పెట్టుకుంటే ఉన్న ఫైలుని షెల్ తుడవనివ్వదు. పెట్టుకోండి.

ఇంతవరకూ అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకూడదు, ఎందుకంటే ప్రోగ్రామ్‌కి నోళ్ళు రెండు. మామూలు మాటలు ఒకటో నంబరు దారిలో వస్తాయి, తప్పులు రెండో నంబరు దారిలో వస్తాయి. ఉత్త బాణం పెడితే ఒకటో దారి మాత్రమే ఫైల్లోకి మళ్ళుతుంది. ఎర్రర్లన్నీ స్క్రీన్ మీదే పడి పోతాయి.

ఇలా రెండు దారులు ఎందుకు పెట్టారో చెబుతాను, నాకు ఇష్టమైన కథ ఇది. 1970లలో, లినక్స్‌కి ముందుతరం యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో ఫొటోటైప్‌సెట్టర్ అనే మిషను ఉండేది. కంప్యూటర్ నుంచి వచ్చింది ఫొటో కాగితం మీద అచ్చవుతుంది, ఆ కాగితాన్ని రసాయనాల్లో కడగాలి, ఖర్చూ శ్రమా రెండూ ఉన్న పని. అంతా చేసి చూస్తే కాగితం మీద వ్యాసం బదులు, ఫలానా ఫైలు తెరవలేకపోయాను అనే ఎర్రర్ మెసేజ్ అందమైన అక్షరాల్లో అచ్చయి వచ్చేది. కొన్నిసార్లు అలా జరిగాక ఎర్రర్లకి వేరే దారి ఉండాలని తేల్చారు. స్టాండర్డ్ ఎర్రర్ అలా పుట్టింది. మంచి ఏర్పాటే. అయితే దాన్ని కూడా పట్టి దాచే బాధ్యత ఆ రోజు నుంచి మన మీద పడింది.

ఇక ఆ అబ్బాయి సంగతి. ఆఫీసు పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. కాంట్రాక్టు మీద చేరిన కుర్రాడు, మీకంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతే. నెలనెలా బిల్లుల వివరాలు డేటాబేస్‌లోకి ఎక్కించే షెల్ స్క్రిప్టు ఒకటి ఉండేది, ముందున్నవాళ్ళెవరో రాసింది. రాత్రి పూట నడపాలి. నేను పక్క సెక్షన్‌లో ఉండేవాణ్ణి. అతనికి ఇచ్చిన కాగితం మీద కమాండు రాసి ఉంది, చివర ఒక్క బాణం, లాగ్ ఫైలు, అంటే ఏం జరిగిందో రాసిపెట్టుకునే ఫైలు పేరు. అతను అక్షరం పొల్లు పోకుండా అదే కొట్టాడు. మధ్యలో కొన్ని బ్యాచ్‌లు ఎక్కలేదు, డిస్కులో చోటు లేదని ఎర్రర్లు వచ్చాయి. అతను చూశాడు. డ్యూటీలో ఉన్నాయనకి ఫోన్ చేసి చెప్పాడు కూడా, "పొద్దున చూద్దాంలే" అన్నారు. అంతలో కరెంటు పోయి అతని పీసీ ఆగిపోయింది, సర్వర్‌కి పెట్టుకున్న విండో పోయింది, విండోతో పాటే ఎర్రర్లూ పోయాయి.

పొద్దున ఏమైందో వినండి. లాగ్ ఫైలు తెరిచారు. అందులో అన్నీ మంచి మాటలే ఉన్నాయి. ఆ స్క్రిప్టులో లోడ్ అయినా కాకపోయినా "బ్యాచ్ పూర్తి" అని రాసే ఎకో లైను ఉంది, అది ఒకటో దారిలో ఫైల్లోకి వెళ్ళింది. అన్ని బ్యాచ్‌లూ పూర్తి అని ఫైలు చెబుతోంది, డేటాబేస్‌లో చూస్తే రికార్డులు లేవు. అంటే ఎక్కినవాటిని తరవాత ఎవరో తీసేశారన్నమాట, రాత్రి ఉన్నది ఇతనొక్కడే, అని లెక్కవేశారు. "సార్, నేను చూశాను సార్, డిస్కు నిండిందని వచ్చింది" అని ఆ అబ్బాయి అంటుంటే "ఏదీ, చూపించు" అన్నారు. ఏం చూపిస్తాడు? ఫోన్ ఎత్తినాయన నాకేం గుర్తులేదన్నారు. పొద్దున్నే ఎవరో పాత బ్యాకప్‌లు తీసేసి డిస్కు ఖాళీ చేశారు, చోటు బాగానే కనబడింది. ఆ నెలాఖరుకి కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం కాగితం మీద రాయలేదు, అందరికీ తెలుసు.

లాగ్ అసలు లేకపోయినా అతనికి ఇంత అన్యాయం జరిగేది కాదు. సగం దాచిన లాగ్ అతనికి ఎదురు సాక్ష్యం చెప్పింది. కమాండు చివర ఇంకో నాలుగు గుర్తులుంటే, 2>&1 అని ఉంటే, ఆ ఎర్రర్లు అదే ఫైల్లో "బ్యాచ్ పూర్తి" లైన్ల పక్కనే కూర్చునేవి, ఫైలు సర్వర్‌లో ఉంటుంది కాబట్టి పీసీకి కరెంటు పోయినా పోయేవి కావు. తప్పంతా ఆ కాగితం రాసినవాళ్ళది, ఆ స్క్రిప్టు రాసినవాళ్ళది. ఆ అబ్బాయిది వీసమెత్తు లేదు. ఈ మాట నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. పెద్ద పోస్టుల్లో ఉన్నవాళ్ళకి లాగ్ అక్కర్లేదు, వాళ్ళ మాట చెల్లుతుంది. రేపు మీరు చేరబోయేది ఆ అబ్బాయి కుర్చీలో. మీకు కావాలి.

కాబట్టి రాసుకోండి. ముందు బాణం, ఫైలు పేరు, ఆ తరవాతే 2>&1. వరస మారిస్తే పని చెయ్యదు. షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది, 2>&1 అంటే "ఒకటోది ఈ క్షణంలో ఎటు పోతోందో రెండోది కూడా అటే పంపు" అని. ముందే రాస్తే ఆ క్షణానికి ఒకటోది ఇంకా స్క్రీన్ వైపే ఉంటుంది, ఎర్రర్లు స్క్రీన్ మీదే మిగులుతాయి. పరీక్షలో కూడా ఇది అడుగుతారు, అది వేరే సంగతి.

హెచ్ఓడీ గారు వాచీ చూపిస్తున్నారు. పైపుల చరిత్ర మీద రెండు స్లైడ్లు ఉన్నాయి, ఒక్క మాటలో ముగిస్తాను. ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి కలపాలని అదే బెల్ ల్యాబ్స్‌లోని డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టారు, 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టారు. మనకి కావాల్సింది ఆ పైపులో బిగించే టీ అనే కమాండు. ప్లంబర్ వేసే టీ లాంటిదే, వచ్చింది రెండు వైపులా పోతుంది, స్క్రీన్ మీదా కనబడుతుంది, ఫైల్లోనూ పడుతుంది. మీ కమాండు, 2>&1, నిలువు గీత, టీ, ఫైలు పేరు. పాతదాని చివర చేర్చాలంటే టీ తరవాత హైఫన్ ఏ.

టీ వాడేటప్పుడు ఒకటి గమనించండి. పైపు పెట్టాక షెల్ మీకు చెప్పే ఫలితం చివరి కమాండుది, అంటే టీది. మీ స్క్రిప్టు కుప్పకూలినా టీ తన పని తాను చేసుకుంది కాబట్టి "అంతా బాగుంది" అని సున్నా వస్తుంది. దాని వెనకాల "బాగుంటేనే మెయిల్ పంపు" అని రాసి ఉంటే మెయిల్ వెళ్ళిపోతుంది. బ్యాష్ అనే షెల్‌లో స్క్రిప్టు మొదట్లో సెట్ హైఫన్ ఓ పైప్‌ఫెయిల్ అని ఒక్క లైను పెడితే ఈ గొడవ తీరుతుంది.

ఇంకో టెన్షన్ ఉంది. ఫైల్లోకి పంపి, పక్క విండోలో, ఫైలు చివర చేరే కొత్త లైన్లు చూపించే టెయిల్ హైఫన్ ఎఫ్ పెట్టి చూస్తుంటారు, ఏమీ రాదు. ప్రోగ్రామ్ ఇరుక్కుపోయిందనుకుని కంట్రోల్ సీ కొట్టేస్తారు, చక్కగా నడుస్తున్న పని చచ్చిపోతుంది. అది ఇరుక్కోలేదు. స్క్రీన్‌కి రాసేటప్పుడు లైను లైనుకీ పంపే ప్రోగ్రామే, ఫైలుకో పైపుకో రాసేటప్పుడు కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. పైథాన్ అయితే హైఫన్ యూ పెట్టి నడపండి, సీ ప్రోగ్రామ్ అయితే దాని ముందు స్టడ్‌బఫ్ (stdbuf) అనే కమాండు, హైఫన్ ఓ పెద్ద ఎల్ పెడితే చాలావరకు పనికొస్తుంది. ఎర్రర్ల దారిలో ఈ పోగెయ్యడం మామూలుగా ఉండదు, అందుకే రెండూ ఒకే ఫైల్లోకి పంపినప్పుడు వెనక వచ్చిన ఎర్రర్ ఫైల్లో ముందు కనిపించవచ్చు. లాగ్ చదివి మనుషుల్ని నిలదీసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని నిలదియ్యాలి.

చూడటం గురించి. పెద్ద ఫైలుని క్యాట్‌తో చూడొద్దు, ఎడిటర్‌లో తెరవొద్దు, లెస్ అనే కమాండుతో తెరవండి. చిన్న జీ కొడితే మొదటికి, పెద్ద జీ కొడితే చివరికి. స్లాష్ కొట్టి మాట రాస్తే వెతుకుతుంది. యాంపర్‌సాండ్ (&) కొట్టి ఎర్రర్ అని రాస్తే ఆ మాట ఉన్న లైన్లే చూపిస్తుంది. పెద్ద ఎఫ్ కొడితే కొత్త లైన్లు వస్తుంటే వచ్చినట్టు చూపిస్తుంది, కంట్రోల్ సీ కొడితే ఆగి మళ్ళీ వెనక్కి వెళ్ళనిస్తుంది. రంగుల కోడ్లు చెత్తలా కనబడుతుంటే హైఫన్ పెద్ద ఆర్ పెట్టండి.

మన తెలుగు డేటా ఉన్న లాగ్ కొన్ని సర్వర్లలో లెస్‌లో తెరిస్తే అక్షరాలు ఉండవు. "అ" ఉండాల్సిన చోట కోణపు బ్రాకెట్లలో <ఈ0><బీ0><85> అని మూడు ముక్కలు కనిపిస్తాయి. ఫైలు పాడైందని తుడిచేసినవాళ్ళున్నారు. ఫైలుకేం కాలేదమ్మా, అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, ఆ టెర్మినల్‌కి లొకేల్, అంటే ఏ భాష, ఏ పద్ధతి అని చెప్పే సెట్టింగు, పెట్టలేదు కాబట్టి బైట్లని విడివిడిగా చూపిస్తోంది. లొకేల్ సరిచేస్తే అక్షరాలు వచ్చేస్తాయి. విండోస్ వాళ్ళకి ఇంకోటి: విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్ బాణంతో రాసే ఫైలు యూటీఎఫ్-16లో ఉంటుంది, దాన్ని లినక్స్‌కి తెచ్చి గ్రెప్‌తో వెతికితే ఉన్న మాట కూడా దొరకదు. ముందు యూటీఎఫ్-8లోకి మార్చుకుని వెతకండి.

అన్నిటికంటే తేలికైనది చివరికి మిగిలింది, స్క్రిప్ట్ అనే పేరుతోనే ఉన్న కమాండు. బర్క్‌లీ యూనిక్స్ రోజుల నుంచీ ఉంది. స్క్రిప్ట్ అని కొట్టి ఫైలు పేరు ఇవ్వండి. అక్కణ్ణించి మీరు ఎగ్జిట్ కొట్టేదాకా స్క్రీన్ మీద పడిన ప్రతిదీ, మీరు కొట్టిన కమాండ్లూ, జవాబులూ, ఎర్రర్లూ, అన్నీ ఆ ఫైల్లో ఉంటాయి. బాణాల వరస గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పాస్‌వర్డ్ కొట్టినప్పుడు స్క్రీన్ మీద కనబడకపోతే మామూలుగా ఫైల్లోనూ ఉండదు, కానీ కమాండులోనే పాస్‌వర్డ్ రాసే అలవాటుంటే అదీ రికార్డవుతుంది, ఆ అలవాటు మానుకోండి.

లెక్చరర్లకి ఒక విన్నపం చేసి ఆపుతాను. మీ పిల్లల ల్యాబ్ రికార్డులు ఇందాక స్టాఫ్ రూములో చూశాను. అవుట్‌పుట్ చేత్తో రాస్తున్నారు, పక్క పేజీలో, పెన్సిల్‌తో, చుట్టూ గీతలు గీసి. అందులో చాలావరకు సీనియర్ రికార్డు చూసి రాసిందేనని మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కీ తెలుసు. ఒక్క రికార్డులోనూ ఒక్క ఎర్రర్ లేదు. తన మిషను ఏం చెప్పిందో దాచుకోవడం నేర్చుకోవాల్సిన వయసులో ఇంకో మిషను ఎప్పుడో చెప్పింది అందంగా రాయడం నేర్పుతున్నాం. ఈ సెమిస్టర్ ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబులోనైనా స్క్రిప్ట్ కమాండుతో తీసిన ఫైలుని రికార్డుగా తీసుకోండి, ఎర్రర్లు ఉన్న ఫైలుకి మార్కులు తగ్గించకండి. యూనివర్సిటీ చేతిరాతే కావాలంటే చేతిరాతతో పాటు ఇదీ తీసుకోండి. హెచ్ఓడీ గారు ఇప్పుడే జవాబు చెప్పనక్కర్లేదు, భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.

ప్రశ్నలు అడగండి. మైకు ముందు ఆ వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయికి ఇవ్వండి.