పాత ట్రాక్టర్లు నాగలిని పట్టుకునే తీరు

సభాధ్యక్షులకు, ఒంగోలు చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చిన రైతు సోదరులకు, మెకానిక్ మిత్రులకు నమస్కారం.

పాత ట్రాక్టర్ కనబడగానే ఎన్ని హార్స్‌పవర్ అని అడగడం మనకు అలవాటు. నేను మాత్రం ముందు వెనక్కి వెళ్లి, అది నాగలిని ఎక్కడ పట్టుకుంటోందో, ఆ బరువు ఏ చక్రాల మీదికి చేరుతోందో చూస్తాను. ఎడ్ల సేద్యం చేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. నేల బిగిసిన చోట మేడి మీది చేయి తనంతట తానే తేలికయ్యేది.

1917లో తయారీ మొదలైన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌కు అటువంటి చేయి లేదు. వెనుక ఉండే డ్రాబార్ అనే లాగుడు కడ్డీకి తగిలించిన నాగలి వేరుకో రాయికో పట్టుకుంటే ముందు భాగం పైకి లేచి, బండి డ్రైవరు మీదికే తిరగబడే ప్రమాదం ఉండేది. ఐర్లండ్ ఇంజనీరు హ్యారీ ఫెర్గుసన్ తీర్చింది ఈ లోపాన్నే. ఆయన నాగలిని మూడు లింకులతో, అంటే మూడు కడ్డీలతో, బండికి కలిపాడు. కింది రెండు లింకులు నాగలిని లాగుతుండగా, నేల ఒత్తిడికి పై లింకు ముందుకు నెట్టబడి ముందు చక్రాలను నేలకు అదిమి ఉంచుతుంది; ఆ నెట్టుడే స్ప్రింగును నొక్కి హైడ్రాలిక్ వాల్వును కదిలించగా, నాగలి కొద్దిగా లేచి దాని బరువులో కొంత వెనుక చక్రాలకు చేరుతుంది. 1939 నాటి ఫోర్డ్ 9ఎన్‌తోనూ, 1946లో వచ్చిన ఫెర్గుసన్ సొంత ట్రాక్టర్ టీఈ20తోనూ ఈ పద్ధతి లోకమంతా పాకింది.

పోటీ కంపెనీలు ఊరుకోలేదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి ఫాస్ట్ హిచ్ అనే తగిలింపులో బండిని వెనక్కి నడిపితే పనిముట్టు చువ్వలు రెండు గొట్టాల్లోకి దూరి బిగుసుకునేవి. అలిస్-చామర్స్ వారి స్నాప్ కప్లర్ బండి కిందనే ఒకే చోట పట్టుకునేది. తగిలించడంలో ఈ రెండే సులువని ఒప్పుకోవాలి, కానీ ఒకరి పనిముట్టు ఇంకొకరి బండికి నేరుగా పట్టదు.

మూడు లింకులకూ మన నిర్లక్ష్యం పనికిరాదు. ఒకసారి పై లింకు పిన్ను పోయిందని, 19 మిల్లీమీటర్లది ఉండవలసిన చోట నేను 12 మిల్లీమీటర్ల బోల్టు వేసి రేగడిలో దున్నాను. ఆ వదులు మేరకు నాగలి ఊగుతుండటంతో వాల్వుకు కబురు ఆలస్యంగా చేరి, చాలు ఒక బార పొడవున లోతుగా, మరో బార పొడవున గీతలాగా పడింది. నెల్లూరు వైపు మాగాణిలో దమ్ము చేసేవారికి ఇది అంతగా తెలియదు. అక్కడ పనిముట్టును ఒకే ఎత్తులో నిలిపే పొజిషన్ లివరుతోనే పని జరిగిపోతుంది. అందుకే అటువైపు నుంచి వచ్చిన పాత బండిలో, నేల ఒత్తిడిని బట్టి నాగలిని లేపే డ్రాఫ్ట్ లివరు తుప్పుపట్టి బిగిసిపోయిందేమో కదిపి చూసి, ఆ తరువాతే బేరం మాట్లాడండి.