ఈ పెట్ట ఎవరింటిది?

(గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో పెరటి కోళ్లు పెంచుకునేవారి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పొద్దున్నే గంపలెత్తి, గింజలు చల్లి, ముంతల్లో నీళ్లు పోసి, ఇంత దూరం వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ముందుగా నా కృతజ్ఞతలు. నేను పశువైద్యురాలిని కాను. బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్న మనిషిని. పాఠాలు చెప్పిన దానికంటే ఎక్కువ ఏళ్లు పెరట్లో కోళ్లను పెంచాను. ఈ రోజు నేను చెప్పదలచిన మాట నా తప్పుతోనే మొదలవుతుంది, అందుకని ముందు అదే చెబుతాను.

మూడేళ్ల కిందట ఒక వారపు సంతలో పది కోడిపిల్లలు కొన్నాను. అమ్మిన మనిషి కడక్‌నాథ్ అన్నాడు, అంటే మాంసం దాకా నల్లగా ఉండే జాతి. పిల్లలు నల్లగా ఉన్నాయి, కాళ్లూ నల్లగానే ఉన్నాయి. మామూలు పిల్లకు ఇచ్చే ధరకు మూడింతలు ఇచ్చి సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను. పెరిగి గుడ్డుకు వచ్చాయి. ఇరుగుపొరుగు చూసి ముచ్చటపడ్డారు. మన ఊళ్లలో పొదుగు గుడ్లకు డబ్బు తీసుకోవడం మర్యాద కాదు కదా. పిల్లలు లేచాక ఒక పిల్లను తెచ్చి ఇస్తారు, అంతే లెక్క. అలా ఏడు ఇళ్లకు గుడ్లు ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ "ఇవి కడక్‌నాథ్ గుడ్లు" అని నా నోటితో చెప్పాను.

ఆ గుడ్ల పిల్లలు పెరిగేసరికి రంగులు బయటపడ్డాయి. ఒకదానికి పసుపు కాళ్లు, ఒకదానికి నిప్పులాంటి ఎర్ర జుట్టు, మరొకదానికి ఈకలు నల్లగా ఉన్నా కింద చర్మం పాలిపోయి ఉంది. నేను కొన్నవి మేలు జాతివి కావు, ఏదో కలిపి తీసిన పిల్లలు.

ఎందుకిలా జరిగిందో తరువాత తెలుసుకున్నాను. కడక్‌నాథ్‌లో చర్మానికి, ఎముకకు, మాంసానికి నలుపునిచ్చే లక్షణం గట్టిది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా అది బయటికి కనిపించగలదు. అందుకే కడక్‌నాథ్ పుంజును వేరే పెట్టతో కలిపినా పిల్లల్లో కొన్ని నల్లగా పుట్టి మనల్ని నమ్మించవచ్చు. ఆ పిల్లలకు మళ్లీ పిల్లలు పుట్టినప్పుడు లోపల దాగినవన్నీ విడివిడిగా పైకి వస్తాయి. అంటే మోసం కొన్న రోజున కనిపించదు. ఒక తరం గడిచాక, అదీ మనం గుడ్లు పంచిపెట్టిన వాళ్ల పెరట్లో కనిపిస్తుంది.

నేను ఏడు ఇళ్లకూ వెళ్లాను. "అప్పా, నేను చెప్పిన పేరు తప్పు. అవి కలగలుపు కోళ్లు" అని చెప్పాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆరో ఇంట్లో ఆమె తల దించుకుని కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పింది: ఆ పిల్లల్లో నాలుగింటిని పాలకొండ వైపు ఇచ్చిన కూతురికి పంపిందట, కూతురు అక్కడ కడక్‌నాథ్ అని చెప్పి రెండింటిని అమ్మిందట. సంతలో ఎవరో అన్న ఒక్క మాట నా నోటి మీదుగా, ఆమె నోటి మీదుగా, ఆమె కూతురి నోటి మీదుగా ఎంత దూరం వెళ్లిందో చూడండి. సంతలో చెబితే అందరూ సగమే నమ్ముతారు. నేను చెబితే పూర్తిగా నమ్మారు. నా బాధంతా అదే.

కడక్‌నాథ్ గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఎక్కువ డబ్బు దాని పేరు మీదే పోతోంది. అది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, ధార్ ప్రాంతాల కోడి. అక్కడి గిరిజనులు తరతరాలుగా కాపాడుకున్నారు. ఝాబువా కడక్‌నాథ్ నల్లకోడి మాంసానికి 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. దాని ఈకలు పూర్తిగా నల్లగానే ఉండాలని లేదు. మెడ మీద తెల్ల గీతలున్న రకం ఉంది, బంగారు రంగు కలిసిన రకం ఉంది. కాబట్టి ఈకల నలుపు చూసి డబ్బు ఇవ్వకండి. నోరు తెరిచి నాలుక చూడండి, జుట్టు చూడండి, ఈకలు పక్కకు తప్పించి చర్మం చూడండి. అయినా అది కూడా పూర్తి రుజువు కాదు, కలగలుపు పిల్లకూ ఆ నలుపు ఉండవచ్చని ఇప్పుడే చెప్పాను. తల్లినీ తండ్రినీ చూడటం ఒక్కటే నమ్మకమైన దారి. ఇంకొక మాట, దాని గుడ్డు నల్లగా ఉండదు. లేత గోధుమ రంగులోనే ఉంటుంది. నల్ల గుడ్లని ఎవరైనా చూపిస్తే అక్కడి నుంచి నడిచి వచ్చేయండి.

ఇక నాటుకోడి. పైడితల్లి అమ్మవారి సిరిమానుకు ముందు, కనుమకు ముందు ఈ మాటకు ఎంత ధర పలుకుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో రంగు ఈకలున్న ప్రతి కోడీ నాటుకోడే. వనరాజాను నాటు అంటారు, గ్రామప్రియను నాటు అంటారు. ఈ రెండింటినీ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తలు పెరటి పెంపకం కోసమే తయారు చేశారు. మంచి కోళ్లు. మా ఇంట్లోనూ ఉన్నాయి. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గ్రామప్రియ దానికి రెండింతలు దాటి పెడుతుంది. ఒక ఇంటి పిల్లలకు రోజూ గుడ్డు దొరకాలంటే నేను గ్రామప్రియనే పెంచమంటాను.

కానీ దాని పేరు దానికి ఉండాలి. ఎందుకో చెబుతాను. వనరాజా రెండు వేరు వేరు వరుసలను, అంటే వంశాలను, కలిపి తీసిన కోడి. ఆ గుడ్లను మనం ఇంట్లో పొదగేస్తే తల్లి బరువు, తల్లి గుడ్ల లెక్క పిల్లలకు రావు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి ఎందుకూ పనికిరానిది అవుతుంది. వనరాజా పిల్లలు కావాలంటే ప్రతిసారీ ఆ సంస్థ నుంచో దాని తల్లి కోళ్లను పెంచే కేంద్రం నుంచో వచ్చినవే తెచ్చుకోవాలి. పైగా ఆ పెట్టలు పొదుగుకు కూర్చోవు. నాటు పెట్ట అనుకుని కొన్న ఇల్లాలు అది పొదుగుకు వస్తుందని నెలల తరబడి ఎదురు చూస్తుంది. పెట్ట తప్పేమీ లేదు, ఇల్లాలి తప్పూ లేదు. వాళ్లిద్దరి మధ్య ఒక అబద్ధపు పేరు నిలబడింది.

సైకిల్ మీద గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే పిల్లల గురించి ఒక్క ముక్క. వాటిలో చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీలు పారేసే మగపిల్లలు. గుడ్డు పెట్టవు, మాంసం పట్టవు కాబట్టి అక్కడ వాటికి విలువ లేదు. రంగు పోయాక తెల్లగా, పెద్ద రంపపు జుట్టుతో లేచి నిలబడతాయి. పసిపిల్లలు ఏడ్చి కొనిపిస్తారు, కొనండి, పెంచండి. పొదుగు మంద లెక్కలో మాత్రం వాటిని చేర్చకండి.

ఇప్పుడు రంగుల దగ్గరికి వద్దాం. ఈ విషయంలో మన భాష ఎంత గొప్పదో తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఎర్రని ఈకలుంటే డేగ, నల్లనివైతే కాకి, తెల్లనివైతే సేతు, రెక్కల మీద పసుపు మెరిస్తే నెమలి, ఎరుపు బూడిద రంగు కలిస్తే మైల, మూడు రంగులుంటే కౌజు. ఇంకా పర్ల, సవల, పింగళ, అబ్రాసు. కోడి ఈకలను ఇంత దగ్గరగా చూసి ఇన్ని పేర్లు పెట్టిన జనం మనం. పందేల సంగతి ఈ వేదిక మీద నేను ఎత్తను, చట్టం వాటిని నిషేధించింది. ఈ పేర్లు మాత్రం మనందరివీ. అయితే ఇవి రంగుల పేర్లు, జాతుల పేర్లు కావు. "డేగ జాతి, నెమలి జాతి" అని చెప్పి పిల్లలను అమ్ముతున్నారు. ఒకే పెట్ట కింద ఒకే పొదుగులో డేగ, కాకి, మైల మూడూ లేస్తాయి. మీ అందరి పెరట్లో జరిగిన సంగతే ఇది. అక్కచెల్లెళ్లు ముగ్గురు మూడు రంగుల్లో ఉంటే మూడు కులాలు అవుతారా?

జాతి అనే మాట వచ్చింది కాబట్టి అసిల్ గురించి చెప్పాలి. అసిల్ అంటే స్వచ్ఛమైనది అని అర్థం. మనం రోజూ అనే "అసలు" అన్న మాటకూ దానికీ మూలం ఒకటే, అరబీ నుంచి వచ్చాయి. ఎత్తయిన కాళ్లు, పొడవైన మెడ, తలకు అంటుకున్నట్టుండే చిన్న జుట్టు, నిటారుగా నిలబడే తీరు, ఇవి దాని గుర్తులు. మన రాష్ట్రం దాని పుట్టిళ్లలో ఒకటి. మన దగ్గర మాత్రం కాస్త ఎత్తుగా, కోపంగా ఉన్న ప్రతి పుంజునూ అసిల్ అంటారు, లేకపోతే భీమవరం జాతి అంటారు.

మీలో ఎంతమందికి డంకి అన్న పేరు తెలుసు? చేతులెత్తండి. ఇంతేనా? నాకూ చాలా ఏళ్లు తెలియదు, సిగ్గుపడవలసిన పని లేదు. హర్యానాలోని కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఉంది. ఈ దేశపు ఆవులు, గేదెలు, మేకలు, కోళ్లలో ఏ జాతి ఎక్కడిదో నమోదు చేసేది ఆ సంస్థే. కోళ్ల జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరు పక్కన అసిల్ ఉంది, కాళస్తి ఉంది, కర్ణాటకతో కలిపి ఘాగస్ ఉంది. వాటితో పాటు డంకి ఉంది. దాని సొంత ప్రాంతంగా రాసినవి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలు. ఎక్కువగా గోధుమ రంగు ఈకలు, రెక్కల్లో తోకలో నలుపు. గుడ్లు తక్కువే పెడుతుంది, ఏడాదికి 30కి అటూ ఇటూ. గుడ్ల కోసం ఎవరూ దాన్ని పెంచరు.

దేశం మొత్తం మీద మన మూడు జిల్లాల పేరు మీద ఉన్న కోడి అది. మన పెరట్లో అది తిరుగుతుంటే దాన్ని అసిల్ అని పిలిచి, అసిల్ పుంజుతో కలిపి, ఆ పిల్లలను ఇంకేదో పేరుతో అమ్ముతున్నాం. పేరు పోయిన కోడికి జత వెతికేవాళ్లు ఉండరు. జత దొరకని జాతి పది తరాలు నిలవదు, కోడికి పది తరాలంటే మన పిల్లలు కాలేజీకి వెళ్లేలోపే. నాకు ఇది కోళ్ల వ్యాపారం సంగతిలా అనిపించదు. ఇంటి పెద్ద పేరు మరిచిపోయినంత వెలితిగా అనిపిస్తుంది.

మరి ఏం చేయాలి? నా చిన్నప్పుడు మా మామ్మ కొత్త కోడిని చూస్తే ఏ జాతి అని అడిగేది కాదు. "ఈ పెట్ట ఎవరింటిది?" అని అడిగేది. ఫలానా వాళ్లింటిది అంటే దాని తల్లి గుణం చెప్పేది: పొదుగు బాగా కూర్చుంటుందా, పిల్లలను గద్ద నుంచి కాస్తుందా, తన గుడ్డు తనే పొడుచుకుంటుందా. సగపాలికి ఇచ్చిన పెట్టకు కూడా ఇంటి పేరు పోయేది కాదు. ఆ ప్రశ్ననే మళ్లీ అడగడం మొదలుపెడదామని నా కోరిక. మా వీధిలో పదకొండు ఇళ్లం కలిసి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. గుడ్లు ఎవరింటి నుంచి వచ్చాయి, పుంజు ఎవరిది, ఏ తేదీన పొదగేశాం, ఎన్ని లేచాయి, ఇంతే రాస్తాం. పుంజు ఎవరిదో తెలియకపోతే "తెలియదు" అని రాస్తాం. మొదట్లో ఆ మాట రాయడానికి కొందరు ఇబ్బంది పడ్డారు, కోడి విలువ తగ్గుతుందని. ఇప్పుడు బయటి ఊళ్ల వాళ్లు వచ్చి, తెలియదు అని రాసిన పుస్తకం కాబట్టే మిగతాది నమ్ముతున్నాం అంటున్నారు.

కలగలుపు కోడిని కలగలుపు అని చెప్పి అమ్మండి. దానికీ ధర వస్తుంది. పెరట్లో ఆరోగ్యంగా తిరిగే కలగలుపు పెట్టలో నాకు ఏ లోపమూ కనిపించదు, మా ఇంట్లో అన్నిటికంటే మంచి తల్లి అలాంటిదే. తప్పు పేరుతో కొని మోసపోయినవాళ్లను చూసి నవ్వకండి. నవ్వితే వాళ్లు దాచేస్తారు, దాచి అదే పేరుతో ఇంకొకరికి ఇస్తారు. అనుమానం ఉంటే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్లి అడగవచ్చు.

పనిలో పనిగా ఇంకొక సంగతి. సంత నుంచి తెచ్చిన కోడి పేరు తెలియనట్టే దాని రోగమూ మనకు తెలియదు. రెండు మూడు వారాలు వేరే గంప కింద ఉంచండి. పిల్లలకు ఏడో రోజున కొక్కెర తెగులు టీకా చుక్క కంట్లో వేయించండి. ఈ తెగులు ఒక ఇంట్లో దిగితే వీధి వీధంతా ఖాళీ అవుతుంది, అప్పుడు జాతుల గురించి మాట్లాడుకోవడానికి కోళ్లే మిగలవు.

నా ఏడు ఇళ్లలో చివరి ఇంటి ఆమె ఈ రోజు ఇక్కడే, ఆ వేపచెట్టు కింద కూర్చుని ఉంది. పోయిన వారం గోధుమ రంగు పెట్టను ఒకదాన్ని వాళ్ల పుట్టింటి నుంచి తెచ్చింది. వాళ్ల నాయనమ్మ కాలం నుంచి ఆ ఇంట్లోనే ఉన్న వరుసట. డంకి అవునో కాదో మేమిద్దరం ఇంకా చెప్పడం లేదు. పుంజును కూడా ఆ ఇంటి నుంచే తెచ్చాం. పదకొండు గుడ్లు పొదగేసి ఇప్పటికి ఆరు రోజులు. ఇంకా పదిహేను రోజులుంది. చూడాలనుకునేవాళ్లు మా ఊరు రండి, ముందు తల్లినీ తండ్రినీ చూపిస్తాం, తరువాత పుస్తకం చూపిస్తాం.